చెవులకు కమ్మలున్నయి కదమ్మా

మా ఇంట్లో కారుణ్యం అనే మాట పలకాల్సి వచ్చింది ఒక్కసారే. అదీ దరఖాస్తు కోసం.

మా చిన్నాయన ఒక సర్కారు ఆఫీసులో అటెండర్. సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. దినాలు అయ్యాయో లేదో చుట్టాలు మొదలుపెట్టారు: "పిల్లగానికి కారుణ్య నియామకం కింద నౌకరి వస్తది, జల్ది కాయిదాలు పెట్టుండ్రి." చిన్నమ్మకు తోడుగా నల్గొండకు నన్ను పంపారు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, మిగతా పిల్లలకు అభ్యంతరం లేదని అఫిడవిట్, అన్నీ జిరాక్సులతో సహా పట్టుకెళ్లాం. క్లర్కు ఒక్కో కాగితం తిప్పి చూశాడు. తర్వాత తలెత్తి చిన్నమ్మ చెవుల వైపు చూశాడు.

"చెవులకు కమ్మలున్నయి కదమ్మా" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. జోకే కావచ్చు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. మరుసటి నెల మళ్లీ వెళ్లినప్పుడు ఆమె చెవులకు కమ్మల్లేవు. కుట్లు పూడిపోకుండా రెండు చీపురుపుల్లలు విరిచి పెట్టుకుంది. దేవరకొండ నుంచి నల్గొండ దాకా బస్సులో నాకు ఆ పుల్లలే కనిపిస్తూ ఉన్నాయి.

అప్పటి నుంచి నాకు ఈ మాట మీద కోపం. రూల్ మీద కాదు. రూల్‌కు ఒక లెక్క ఉంది. కారుణ్య నియామకం హక్కు కాదని, ఇంటి పెద్ద పోయిన కుటుంబం ఆ ఆపద నుంచి గట్టెక్కడానికే అది అని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది. అంటే ఆపద ఉందో లేదో ఎవరో ఒకరు చూడాలి. ఒప్పుకుంటాను. కానీ కారుణ్యం కావాలంటే ముందు గోస చూపించాలి, అది సరిపోయినంత గోసేనా అని బల్ల అవతలి మనిషి తూకం వేయాలి అన్న పద్ధతి ఈ మాటలోకి ఎప్పుడు దూరింది? ఆ పిచ్చితో డిక్షనరీలు తిరగేశాను. చదువుకున్న దానికి ఇదొక్కటే ఉపయోగం మరి.

ఇదే ఉద్యోగాన్ని హిందీ రాష్ట్రాల్లో 'అనుకంపా నియుక్తి' అంటారు. అనుకంప అంటే ఏమిటో చూడండి. కంపం అంటే వణుకు, భూకంపంలో ఉన్నదే. అను అంటే వెంట. ఎదుటి మనిషి వణికితే ఆ వెంటే మనమూ వణకడం. బుద్ధుడి మాటలున్న పాలీ గ్రంథాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటి మాటను తీసుకుపోయి ఫైలు అట్ట మీద రాశారు. మా నల్గొండ ఆఫీసులో నాకు వణికినట్టు కనిపించింది ఒక్క ఫ్యానే.

ఇంగ్లిష్ కంపాషన్ సంగతీ అంతే. 14వ శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది, మూలం లాటిన్. కామ్ అంటే కూడా, పాటి అంటే బాధపడటం. కలిసి బాధపడటమే కంపాషన్. ఆ పాటి నుంచే పేషెంట్ అనే మాటా పుట్టింది. పేషెంటంటే మా ఊళ్లో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. ఒక్క వేరు నుంచి వచ్చిన రెండు మాటల్లో మంచం మీద పడుకున్నది మన దాకా వచ్చింది, మంచం పక్కన కూర్చునేది రాలేదు.

ఇంకా వెనక్కి పోతే కడుపులోకే పోతాం. ఏసు జనాన్ని చూసి 'కనికరపడెను' అని తెలుగు బైబిల్లో చదువుతాం కదా, అక్కడ గ్రీకులో ఉన్న క్రియ పేగుల నుంచి పుట్టింది. పేగులు కదిలిపోవడం అన్నమాట. హీబ్రూలో కనికరాన్ని రహమీం అంటారు, దాని చుట్టం రెహెం, అంటే గర్భసంచి. అరబ్బీలో రహ్మాన్, రహీం అన్న పేర్లదీ అదే వేరు. మా నల్గొండలో లతీఫ్ సాబు గుట్ట కింద చాయ్ తాగుతూ 'రహెం కరో భాయ్' అనే మాట ఎన్నిసార్లు విన్నానో. దాని లోపల తల్లి కడుపు ఉందని నాకేం తెలుసు?

తెలిసి ఉండాల్సింది. కడుపు తరుక్కుపోయిందని, పేగు కదిలిందని మా అమ్మ రోజుకోసారైనా అంటుంది. గ్రీకువాళ్లు ఆమెకేం నేర్పలేదు. ఎక్కడి వాళ్లకైనా ఇది ముందు కడుపులోనే తెలిసినట్టుంది. మెదడుకు, నోటికి, రూల్ బుక్కుకు తర్వాతెప్పుడో ఎక్కింది. ఎక్కే కొద్దీ పలచబడింది.

దయ సంగతి ఇంకా విచిత్రం. సంస్కృతంలో దీని పాత ధాతువుకు మొదటి అర్థం పంచడం, భాగం పెట్టడం. వేదకాలం నాటి వాడుకలో అదే. జాలిపడటం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. దాయం అంటే వాటా అన్నదీ ఈ వంశమే, దాయాది అందులోంచే వచ్చాడు. దయకు చుట్టం దాయాది! గెట్టు పంచాయితీల్లో తలలు పగలగొట్టుకున్న మా ఇంటిపేరు వాళ్లకు ఈ ముక్క చెప్తే నమ్మరు. నాకు మాత్రం ఈ అర్థమే నచ్చింది. దయ అంటే పైనుంచి రాలేది కాదు, నీ వాటా నీకు పెట్టడం.

మరి పైకి ఎప్పుడు ఎక్కింది? మా జిల్లాలో దీన్ని డిక్షనరీలో వెతకనక్కర్లేదు. దొరల గడి ముందు నిలబడ్డ తాతలను అడిగితే చాలు. దొర దయ ఉంటే దున్నుకునే చెలక, దయ తప్పితే వెట్టి. 'నీ బాంచెన్, కాల్మొక్త' అంటే తప్ప దయ కిందికి దిగేది కాదు. 1946 జూలై 4న కడివెండిలో దొరకు ఎదురుతిరిగి జనం తీసిన ఊరేగింపులో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తూటాకు బలైనప్పుడు ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఆ జనం దయ చూడమని ఊరేగింపు తీయలేదు. వెట్టి వద్దన్నారు, భూమిలో వాటా అడిగారు. దయకు పాత అర్థమేదో వాళ్లకు తెలిసినట్టే ఉంది, సంస్కృతం రాకపోయినా. ఇప్పటికీ మా వైపు మాటల్లో 'దయచేసి' అని ఎవరూ అనరు, 'జెర' అంటారు. దయచేసి అన్న మాట వినాలంటే రైల్వే స్టేషన్‌కు పోవాలి. దయచేసి వినండి, మీ రైలు లేటు.

జాలి గురించి మాకు వేరే చెప్పాలా? మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లల ఫోటోలు ఎన్ని పేపర్లలో చూశాం! కెమెరాతో వచ్చినవాళ్లంతా జాలిపడ్డారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి, లాగు మోకాళ్ల పైకి మడిచి మరీ జాలిపడ్డారు. పాలమూరోళ్లను చూసీ అంతే, మూటలతో బొంబాయి బస్సెక్కుతున్న ఫోటో ఒకటి, కింద నాలుగు లైన్ల ఆవేదన. అదే ఫ్లోరైడ్ కోసం నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి కనిపెట్టారు. నీళ్లలో కొంచెం సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కు దిగుతుంది, పై నీళ్లు వంపుకుని తాగొచ్చు. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెడితే ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దాకా పోయింది. పటికతోనే ఊరి బాధలన్నీ పోలేదు, నిజమే. కానీ బకెట్లో పటిక కలిపినవాళ్లు ఎవరి లాగూ మడవలేదు.

మన నోట్లో ఇంకో మాట ఉంది: 'పాపం'. చేసిన తప్పూ పాపమే, దెబ్బ తగిలిన పిల్లాడూ పాపమే. తమిళం, కన్నడం, మలయాళంలోనూ ఇదే తంతు. సంస్కృతంలో పాప శబ్దానికి చెడ్డ అనే కాదు, దురదృష్టం పట్టిన అనే అర్థం కూడా ఉంది కాబట్టి జాలి అటునుంచి వచ్చి ఉండొచ్చు. కానీ వంకర కాళ్ల పిల్లను చూసి "ఏ జన్మల పాపమో, పాపం" అన్న ముసలాయన నాకు తెలుసు. ఒక్క వాక్యంలో శిక్షా వేశాడు, జాలీ పడ్డాడు.

కృప అయితే నవ్వొస్తుంది. దాని ధాతువుకు ఏడవడం, విలపించడం అని అర్థం. దానితోనే కృపణుడు, అంటే మొదట్లో ఏడుపు బతుకు బతికే దీనుడు. రాను రాను ఆయనే పిసినారి అయ్యాడు. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలం శాసనాల్లో, మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టిన చాంతిసిరి అనే రాజకుటుంబ స్త్రీని పొగుడుతూ శ్రమణులకు, బ్రాహ్మణులకు, కృపణులకు, దీనులకు ఎడతెగని దానధార పోసింది అని రాశారు. అక్కడ కృపణులంటే గతిలేనివాళ్లే. పిసినారులకు దానం చేసిందని చదువుకునేరు.

సానుభూతి మీద నాకు టైమ్ లేదు. అది ఉప ఎన్నికలకు ఇచ్చేశాం, పవనాలతో సహా. ఎంపతీ మీద కార్పొరేట్ ట్రైనింగులో మూడు గంటలు కూర్చోబెట్టారు మమ్మల్ని. ఆ ఇంగ్లిష్ మాటను 1909లో టిచెనర్ అనే సైకాలజిస్టు ఒక జర్మన్ మాటకు బదులుగా తయారుచేశాడు, మా ఊరి రచ్చబండ కంటే చిన్నది దాని వయసు. పీపీటీ అయ్యాక లంచ్ బాగుంది.

చీపురుపుల్లల దగ్గర ఆపాను కదా. మాకూ మా దాయాదుల ఇంటి పెద్దమ్మకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు, గెట్టు మీద రెండు గజాల గొడవ. చిన్నమ్మ ఆ పుల్లలతో బస్సు దిగి ఇంటికి వస్తుంటే పెద్దమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. చూసింది. చూసి చాట పక్కన పడేసి లేచింది.

"ఏందే, కమ్మలు అమ్ముకున్నవా? ఇంట్ల గింజల్లేకుంటే అడగరాదూ? మేం చచ్చిపోయినమా?" అని బజారు వినేటట్టు అరిచింది. ఏడుస్తోందో తిడుతోందో నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ నోరు తెరిచేలోపే కొంగులో పోసినన్ని బియ్యం పోసింది. తర్వాత అరుగు మీద కూర్చుని అసలు సంగతి విన్నది. ఆ క్లర్కును, వాడి మూడు తరాలను నోటికొచ్చినట్టు తిట్టింది. కమ్మలు మా చిన్నమ్మ రవిక ముడిలోనే ఉన్నాయి, తీసి చూపిస్తే ఇద్దరూ నవ్వారు. బియ్యం మాత్రం వాపసు తీసుకోలేదు.

గెట్టు కేసు కూడా వాపసు తీసుకోలేదు. వచ్చే నెల సర్వేయర్ వస్తాడట.