‘రేపటికల్లా ప్లే స్టోర్‌లో’ మెసేజ్‌లో నిజమెంత?

అనంతపురం ఇంజినీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఏఐతో యాప్ చేయించు, 25 డాలర్లు కట్టు, ఏపీకే (యాప్ ఫైలు) ఎక్కించు, ప్రైవసీ పాలసీ ఎక్కడిదో కాపీ కొట్టు, రేపటికల్లా ప్లే స్టోర్‌లో ఉంటావు, ఇక యాడ్స్ డబ్బులే డబ్బులు" అని.

25 డాలర్లు నిజమే, గూగుల్‌కి ఒక్కసారి కడితే చాలు. ఐఫోన్లలో కూడా కావాలంటే ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి, ఆ సంగతి మెసేజ్‌లో లేదు.

"రేపటికల్లా" అనేది మాత్రం పచ్చి అబద్ధం. 2023 నవంబర్ 13 తర్వాత సొంత పేరు మీద తెరిచిన అకౌంట్ అయితే ముందు క్లోజ్డ్ టెస్టింగ్ (మీరు పిలిచిన కొద్దిమందికే యాప్ ఇచ్చి వాడించి చూడటం) చేసి తీరాలి. కనీసం 12 మంది వరుసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి (మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబర్‌లో తగ్గించారు). అప్పుడు గానీ ప్రొడక్షన్‌కి, అంటే అందరికీ విడుదల చేయడానికి, అప్లై చేయనివ్వరు, ఆపైన రివ్యూ. ఆ అప్లికేషన్‌లో టెస్టర్లు ఏం చెప్పారు, మీరేం మార్చారు అని అడుగుతారు. మీది చీనీకాయల (బత్తాయి) ధరలు చూపించే యాప్ అనుకోండి. హాస్టల్ ఫ్రెండ్స్‌తో 12 లెక్క సరిపోతుంది, కానీ వాళ్లలో ఎవరికీ టన్ను రేటుతో పని లేదు, "సూపర్ మామా" అని వదిలేస్తారు. యార్డుకి కాయలు తోలే రైతుకి చూపిస్తే "ఈ రేటు ఈరోజుదా, నిన్నటిదా? తేదీ ఏదబ్బా?" అంటాడు. ఫారంలో రాయడానికి పనికొచ్చేది ఆ మాటే. డబ్బులిచ్చి టెస్టర్లను పెట్టుకుంటే ఇలాంటి మాట రాదు.

ఏపీకే సంగతా? 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు దాని బదులు ఏఏబీ అనే మరో రకం ఫైలే తీసుకుంటున్నారు. అదేం పెద్ద పని కాదు. దానికంటే ప్యాకేజీ పేరు (కోడ్‌లో యాప్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు పేరు) చూసుకోండి: టెంప్లేట్ కోడ్‌లో "కామ్ డాట్ ఎగ్జాంపుల్" అని ఉండిపోతే ప్లే కన్సోల్ (యాప్ ఎక్కించే గూగుల్ సైట్) ఒప్పుకోదు, పబ్లిష్ అయ్యాక ఆ పేరు మార్చడం కుదరదు.

కాపీ కొట్టిన పాలసీతో అసలు చిక్కు వస్తుంది. అందులో "మేము ఏ డేటా తీసుకోము" అని ఉంటుంది, మీరేమో యాడ్‌మాబ్ (యాప్‌లో యాడ్స్ చూపించే గూగుల్ సర్వీసు) పెట్టారు, అది ఫోన్ అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్స్ కోసం ఫోన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకుంటుంది. యాప్ ఏ డేటా తీసుకుంటుందో గూగుల్‌కి రాసిచ్చే డేటా సేఫ్టీ ఫారంలో ఆ విషయం చెప్పాలి, పాలసీకీ ఫారానికీ పొంతన ఉండాలి, లేకపోతే యాప్ రిజెక్ట్ కావచ్చు, తర్వాతెప్పుడైనా తీసేయనూవచ్చు. లాగిన్ ఉంటే రివ్యూ చేసేవాళ్లకి పనిచేసే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా ఇవ్వాలి. ఓటీపీ మీ ఫోన్‌కి వస్తే వాళ్లు లోపలికెట్లా పోతారు?

ఇక డబ్బులు. యాడ్‌మాబ్‌లో 100 డాలర్లు పోగయ్యేదాకా చేతికి ఏమీ రాదు. రేటు చూసే రైతు రోజుకొకసారి తెరిచి అర నిమిషంలో మూసేస్తాడు, లెక్క మీరే వేసుకోండి. త్వరగా దాటిద్దామని మీ యాడ్స్ మీరే నొక్కినా, ఫ్రెండ్స్‌తో నొక్కించినా పట్టుకుంటారు, యాడ్స్ అకౌంటే మూసేయొచ్చు.