వైఫై గుర్తు పక్కన నిలబడ్డ ఆశ్చర్యార్థకం గారికి

మహారాజశ్రీ ఆశ్చర్యార్థకం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న సాయంత్రం నాలుగింటికి తమరు ఫోన్ నెత్తిన వెలిశారు. ఆరున్నర దాకా కదల్లేదు. ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లకి నిన్నే ఆఖరి రోజన్న సంగతి తమకి తెలిసి ఉండదులెండి. తెలిసినా చేసేదేముంది, తమరి ఉద్యోగమే నిలబడటం.

ముందు తమరి పక్కనున్న విసనకర్ర, అదే వైఫై గుర్తు, సంగతి. అది నిండుగా కనిపిస్తే "నెట్ ఫుల్లుగా ఉంది" అంటారు మా వాళ్లు. అది చూపించేది నెట్ కాదు, రూటర్ నుంచి ఫోన్‌కి అందుతున్న సిగ్నల్ బలం. దాన్ని డీబీఎంలలో కొలుస్తారు, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మేలు. మైనస్ 50 డీబీఎం అయితే భేషు, మైనస్ 67 దాకా వీడియోకి ఢోకా లేదు, మైనస్ 80కి దిగితే పేజీ తెరుచుకోవటమే గగనం. అంతవరకే దాని జ్ఞానం. రూటర్ వెనక తీగని ఎలుక కొరికేసినా విసనకర్ర నిండుగానే ఉంటుంది, గాడిపొయ్యి వెలిగించకుండా విస్తళ్లు వేసి కూచోబెట్టినట్టు. వైఫై అంటే వైర్‌లెస్ ఫిడిలిటీ, ఫిడిలిటీ అంటే విశ్వాసం అని విడమరిచి చెప్పే పెద్దలున్నారు. 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే సంస్థ కూర్చిన మాట అది, విప్పితే లోపల ఏమీ లేదు. కాబట్టి విశ్వాసం పోయిందని ఏడవక్కర్లేదు, మొదట్నుంచీ లేదు.

ఆ విసనకర్ర బొంకుని సరిదిద్దటానికే తమర్ని నియమించారు. మంచిదే. కానీ ఇన్నాళ్లుగా తమరు చెబుతున్నది ఒకటే ముక్క: "కనెక్టెడ్, నో ఇంటర్నెట్." డాక్టరు నాడి పట్టుకుని చూసి, "మీకు ఒంట్లో బాలేదు" అని చీటీ రాసిచ్చి పంపేసినట్టుంటుంది.

తెలియక అంటే సరే అనుకోవచ్చు. తమకి తెలుసు. అదీ నా బాధ. ఫోన్ నెట్‌లోకి వెళ్లేది మెట్ల మీదుగా. పాస్‌వర్డ్ సరిచూసుకోవటం ఒక మెట్టు. రూటర్ దగ్గర ఐపీ అడ్రస్, అంటే 192.168.1.7 లాంటి ఇంటి నంబరు, పుచ్చుకోవటం రెండోది. సైటు పేరు చెబితే దాని నంబరు వెతికిపెట్టే డీఎన్ఎస్ మూడోది. ఆఖర్న ఆండ్రాయిడ్ అయితే గూగుల్ సర్వర్‌ని పలకరించి 204 అనే ఖాళీ జవాబు కోసం చూస్తుంది, ఐఫోన్ అయితే ఆపిల్ సర్వర్ నుంచి "సక్సెస్" అన్న మాట కోసం. ఆ జవాబు రాకపోతేనే తమరి ఆవిర్భావం. ఏ మెట్టు మీద కాలు జారిందో లోపల లాగ్ అనే చిట్టాలో రాసుకుంటారు కూడా. మాకు మాత్రం ఒక నిలువు గీత, కింద చుక్క.

ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎంత పొద్దు కలిసొచ్చేది! ఐపీ దగ్గర ఆగిందనుకోండి, ఐఫోన్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిస్తే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటుంది. అంటే రూటర్ ఏమీ ఇవ్వలేదు, ఫోనే సొంతంగా ఒకటి రాసుకుని కూచుంది. ఆ వైఫైని "ఫర్గెట్" కొట్టి మళ్లీ కలిపితే చాలాసార్లు దారికొస్తుంది. రాకపోతే రూటర్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి, రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. ముందే రాసిపెట్టుకున్న మ్యాక్ నంబర్లనే (ఫోన్‌కి పుట్టుకతో వచ్చే గుర్తింపు నంబరు లెండి) లోపలికి రానిచ్చే ఆఫీసులూ హాస్టళ్లూ ఉన్నాయి, అక్కడ తగాదా వేరు. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చూపిస్తున్నాయి. వాచ్‌మన్‌కి మారుపేరు చెప్తే గేటు తీస్తాడా? ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మారు మ్యాక్ ఆపేసి అసలుది ఇవ్వాలి.

డీఎన్ఎస్ దగ్గర ఆగితే ఇంకా తేలిక. బ్రౌజర్లో నంబరుతో కొట్టిన సైటు వచ్చి, పేరుతో కొట్టిన సైట్లు రాకపోతే దొంగ దొరికినట్టే. ప్రకటనలు రాకుండా ఎప్పుడో ప్రైవేట్ డీఎన్ఎస్ గడిలో ఏదో పేరు పెట్టి మరిచిపోయి ఉంటారు, దాన్ని ఆటోమేటిక్‌కి మార్చాలి. (ఈ విషయంలో మాత్రం కొన్ని ఫోన్లు నోరు విప్పి చెప్తాయి. లేని నింద వెయ్యకూడదు.) ఫోన్లో తేదీ తప్పినా, సైట్లు తమ గుర్తింపుకి చూపించే సర్టిఫికెట్లు చెల్లక పేజీ తెరుచుకోదు. ఎయిర్‌పోర్టుల్లో, హోటళ్లలో లాగిన్ పేజీ పైకి రాకపోతే వీపీఎన్ (నెట్‌ని చాటుదారిన నడిపే యాప్) ఆపి చూడాలి.

తమర్ని చూడగానే ఫోన్ చేసే ఘనకార్యం ఇంకోటుంది, చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోవటం. వైఫైలోనే ఉన్నామనుకుని పిల్లలు వీడియోలు చూస్తుంటారు. రోజుకిచ్చే 1.5 జీబీ హారతి కర్పూరమైపోతుంది, ఆ తర్వాత మిగిలేది 64 కేబీపీఎస్. ఆ వేగంలో ఓటీపీ పెట్టే పేజీ తెరుచుకునేలోపు ఓటీపీకి కాలదోషం పడుతుంది.

ఏం చేసినా తమరు కదలకపోతే అందరూ ఇచ్చే సలహా "రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్". పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఫొటోలు పోవు నిజమే, కానీ దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జతపడిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ, వాచీలూ, కారూ కూడా పోతాయి. నిన్న అదీ వేశాం. పిచ్చుక చావలేదు.

ఎందుకు చావలేదో చెప్పనా? టీవీ వెనక ఫైబర్ రూటర్ మీద ఎల్‌ఓఎస్ దీపం నాలుగింటి నుంచీ ఎర్రగా కొట్టుకుంటోంది. ఎల్‌ఓఎస్ ఎర్రబడిందంటే తీగలోంచి వెలుతురు అందట్లేదని. స్తంభం దగ్గర తెగి ఉండాలి, కనెక్టర్ వదులై ఉండాలి, లేదా టీవీ బల్ల గోడకి నొక్కి తీగని వేలికి చుట్టినంత సన్నగా వంచేసి ఉండాలి. ఆ స్థితిలో ఫోన్లో ఏం పీకినా ఒరిగేది లేదు. ఇంట్లో రెండో ఫోన్ తీసి చూస్తే అందులోనూ నువ్వే ఉంటావు, అప్పుడు ఫోన్ కింద పెట్టి రూటర్ దగ్గరికి వెళ్లాలి. అర నిమిషం పని.

అవును, నువ్వే. ఇక తమరూ గిమరూ లేదు. "నీ ఫోన్ బాగానే ఉంది, రూటర్ అవతల లైను పోయింది" అన్న ముక్క తెర మీద రాయటానికి నీకొచ్చిన నొప్పేంటి? పాతిక వేలు పోసి కొన్న ఫోన్, అరచెయ్యంత తెర, అడక్కుండానే వాతావరణం చెప్తావు, ఎన్ని అడుగులు నడిచామో లెక్కపెడతావు. రెండున్నర గంటలు నిన్ను పట్టుకుని సెట్టింగ్స్‌లో పైకీ కిందకీ తిరుగుతుంటే ఊరుకున్నావే! గోరంత లేని ఆ ఎర్ర దీపానికి తెర లేదు, మాట రాదు. అయినా మొదటి నిమిషం నుంచీ నిజమే చెప్తోంది, టీవీ వెనక, దుమ్ములో, చూసే దిక్కు లేకుండా.

ఆప్షన్లు పక్కింటి వాళ్ల హాట్‌స్పాట్ మీద పెట్టాం.

ఇట్లు,
192.168.1.7

తా.క.: ఫైబర్ అబ్బాయి "అరగంటలో ఉంటా సార్" అన్నాడు. నిన్న. అతగాడికి వేరే ఉత్తరం రాస్తున్నాను, నువ్వు మధ్యలో దూరకు.