ట్రాన్స్‌ఫర్ కేస్ లీకు సిలికాన్ ట్యూబుతో పోయేది కాదు

ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రక్కులు నడిపేవాళ్ల మధ్య ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) గురించి ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. నా దాకానే నాలుగైదు సార్లు వచ్చింది, వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త చిట్కా తగిలించుకుని. దాని సారం ఇది: "ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ఆయిల్ కారుతుంటే బాక్స్ దించక్కర్లేదు. తుడిచి, బయట జాయింటు చుట్టూ సిలికాన్ పేస్టు పట్టించండి. లీకు ఆపే మందు ఒక సీసా పోయండి, లేదంటే చిక్కటి ఆయిల్ వాడండి. కింద చుక్క పడకపోతే లీకు ఆగినట్టే. టూవీల్‌లో నడిపేటప్పుడు ఆ బాక్స్‌కి ఎలాగూ పని ఉండదు, ఆయిల్ కొంచెం తగ్గినా నష్టం లేదు. దించాల్సే వస్తే మాత్రం, మళ్లీ కారకుండా సిలికాన్ ధారాళంగా వేయండి."

ఇందులో ఒక్క ముక్క సగం నిజం. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు బండిని నిజంగా పాడుచేసే మాట సంగతి చూద్దాం.

టూవీల్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్‌కి పని ఉండదట. ఈ మాట అన్నవాళ్లు ఆ పెట్టె ఎక్కడుంటుందో ఒక్కసారి కిందకు వంగి చూస్తే బాగుండేది. అది గేర్‌బాక్స్ వెనక బిగించి ఉంటుంది. ఇంజిన్ శక్తి గేర్‌బాక్స్ నుంచి ముందు దీంట్లోకి వచ్చి, ఇక్కడి నుంచే వెనక ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి వెళ్తుంది. టూవీల్‌లో పెట్టినప్పుడు ముందు ఇరుసుకి వెళ్లే దారి మాత్రమే తెగుతుంది. లోపల మెయిన్ షాఫ్టూ దాని బేరింగులూ హైవే మీద బండి వెళ్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటాయి. గొలుసు రకం బాక్సుల్లో ఆ షాఫ్టే ఒక చిన్న ఆయిల్ పంపును కూడా తిప్పుతుంది. పైగా వీటిలో పట్టే ఆయిలే తక్కువ. జీపుల్లో చాలా ఏళ్లు వచ్చిన ఎన్‌పీ231 అనే మోడల్ బాక్స్‌లో పట్టేది దాదాపు 1 లీటరు. అందులో అర లీటరు పోయిందంటే "కొంచెం తగ్గడం" కాదు, సగం పోయినట్టు. ఇంజిన్‌కి ఉన్నట్టు దీనికి ఆయిల్ లైటు ఉండదు. బేరింగు కూత పెట్టేదాకా లోపల ఏం జరుగుతోందో బయటికి తెలియదు.

ఇక చుక్క పడకపోతే లీకు ఆగినట్టే అన్న మాట. దీనికి జవాబు జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో వచ్చిన ఎన్‌పీ246 రకం బాక్సుల్లోనే ఉంది. వాటిలో కేసు వెనక సగం మెగ్నీషియం పోత. లోపలి ఆయిల్ పంపు రోజూ కాస్త కాస్త ఊగుతూ, దాని చెవులు ఆ మెత్తటి గోడను అరగదీస్తాయి. అరిగి అరిగి ఒక రోజు గుండుసూది తలంత బెజ్జం పడుతుంది. ఆ బెజ్జం పడేది పైభాగంలో, బండి ఆగినప్పుడు ఆయిల్ నిలిచే మట్టానికి పైన. అందుకని రాత్రంతా నిలబెట్టినా కింద చుక్క ఉండదు. బండి కదిలి, లోపల ఆయిల్ చిమ్మడం మొదలయ్యాకే అది బయటికి వస్తుంది. వచ్చిందాన్ని గాలి వెనక్కి కొట్టేస్తుంది. ఓనరు నేల చూసి ధైర్యంగా ఉంటాడు, బాక్స్ మాత్రం ఖాళీ అయిపోతుంది.

కాబట్టి నేలను నమ్మకండి, ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం బిరడా) తీసి చూడండి. బండి చదునుగా ఉండాలి. చాలా బాక్సుల్లో ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి, వేలు పెడితే తగలాలి. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఒక్కోసారి ప్లగ్ తీయగానే ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఆయిల్ బుడబుడమని బయటికొస్తుంది. పోనీలే నిండుగా ఉంది అనుకోకండి. గేర్‌బాక్స్‌కీ దీనికీ మధ్య ఉన్న ఇన్‌పుట్ సీలు పోయి, గేర్‌బాక్స్ ఆయిల్ ఇటు దిగుతోందని అర్థం. ఇక్కడ ఎంత ఎక్కువ ఉందో అక్కడ అంత తగ్గి ఉంటుంది.

ఇప్పుడు ఆ సగం నిజం. "బాక్స్ దించక్కర్లేదు" అన్నది కొన్ని లీకులకు నిజమే, కానీ సిలికాన్ పూయడం వల్ల కాదు. కారుతున్న చోటును బట్టి. ముందు బ్రీదర్ చూడండి. బాక్స్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, ఆ సన్నటి గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే ఒత్తిడి పెరిగి మంచి సీలు అంచు నుంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. అలాంటప్పుడు గొట్టం శుభ్రం చేస్తే పని అయిపోయినట్టే. ముందు, వెనక అవుట్‌పుట్ సీళ్లు కూడా చాలా బళ్లలో బాక్స్ దించకుండానే మార్చొచ్చు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బిగించే పళ్లెం లాంటి ముక్క) ఉంటే దాని నట్టు తీసి ఫ్లాంజ్ లాగితే సీలు ఎదురుగా ఉంటుంది. ఇన్‌పుట్ సీలు, గేర్‌బాక్స్‌తో కలిసే జాయింటు అయితే దించక తప్పదు. కేసు రెండు సగాల మధ్య జాయింటు కారుతున్నా దించి బల్ల మీద పెట్టుకుని చేయడమే పద్ధతి.

కారుతున్న చోటు తెలియాలంటే మాత్రం గుడ్డతో తుడిస్తే సరిపోదు. బండి నడిచేటప్పుడు ఆయిల్ ఎప్పుడూ వెనక్కీ కిందకీ పోతుంది కాబట్టి, ఇంజిన్ వెనక సీలు కారినా తడిసేది ట్రాన్స్‌ఫర్ కేసే. డీగ్రీజర్ కొట్టి, కడిగి, ఆరబెట్టి, జాయింట్ల మీద టాల్కమ్ పౌడర్ చల్లి, ఒక అరగంట నడిపి మళ్లీ కిందకు దూరండి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు వైపు ఎక్కడ తడి కనిపిస్తే అదే మూలం. కిందున్న తడంతా దాని దారి. ఆయిల్ రంగు, వాసన కూడా చెప్తాయి: ఎర్రగా ఉంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పల్చటి ఆయిల్), గంధకం వాసన ముక్కుకి గుచ్చుకుంటే గేర్ ఆయిల్. గేర్‌బాక్స్‌లోనూ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనూ వేరు వేరు ఆయిళ్లు పోసే బండి అయితే ఈ ఒక్క ఆధారంతోనే సగం కేసు తేలిపోతుంది.

బయట పూసే సిలికాన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆయిల్ పట్టిన లోహానికి అది అంటుకోదు, లోపలి నుంచి ఆయిల్ దాన్ని తోస్తూనే ఉంటుంది. రెండు లోహపు ముఖాల మధ్య నలిగి పల్చటి పొరగా ఉండటానికి తయారుచేసిన పదార్థం అది. పైన ముద్దగా పెడితే దానికి పట్టు ఎక్కడిది? కొన్నాళ్లకు ఒక మూల ఊడి వేలాడుతుంది. తర్వాత నిజంగా పనిచేయడానికి వచ్చినవాడికి లీకు ఎక్కడో కనిపించకుండా కూడా చేస్తుంది.

లీకు ఆపే మందు చేసేది సీలు రబ్బరును ఉబ్బించడం. గట్టిపడిన పాత రబ్బరు కాస్త మెత్తబడి కొన్నాళ్లు ఆగొచ్చు, నేను కాదనను. చిరిగిన అంచునూ కేసులో పడ్డ బెజ్జాన్నీ అది అతికించలేదు. అరిగిన షాఫ్టును కూడా అంతే. చిక్కటి ఆయిల్ సంగతి ఇంకా అన్యాయం. ఏటీఎఫ్ పోయమని తయారీదారు చెప్పిన బాక్స్‌లో 90 గేర్ ఆయిల్ పోస్తే, చలిలో ఆ చిన్న పంపు దాన్ని లాగడానికి అవస్థ పడుతుంది. లోపల క్లచ్ పొరలు ఉండే ఆటోమేటిక్ రకాల్లో వాటి పట్టే మారిపోతుంది. లీకు నెమ్మదిస్తుందేమో కానీ ఆగదు.

అరిగిన షాఫ్టు అన్నాను కదా, అది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. నా పాత పికప్‌లో వెనక అవుట్‌పుట్ సీలు మార్చాను. కొత్త సీలు, శుభ్రమైన గూడు, అంచుకు ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి పెట్టి, సమంగా తట్టి కూర్చోబెట్టాను. వారం తిరక్కుండా అదే చోట తడి. సీలే నాసిరకమని తిట్టుకుంటూ ఇంకోటి తెచ్చాను. విప్పిన యోక్‌ని (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని బాక్స్‌కి కలిపే ముక్క) చేతిలో పట్టుకుని ఊరికే గోరుతో గీస్తే, సీలు అంచు ఆనే చోట గోరు టక్కున ఆగింది. కంటికి మెరుస్తున్న గీతలా ఉంది, గోటికి మాత్రం గాడి. ఏళ్ల తరబడి రబ్బరూ దానికి అంటుకున్న దుమ్మూ కలిసి ఉక్కును కోసేశాయి. దాని మీద పల్చటి ఉక్కు స్లీవు ఎక్కించాక గానీ లీకు ఆగలేదు. గోరుతో చూడటం అర నిమిషం పని. నాకు మాత్రం రెండు సీళ్లూ రెండు ఆదివారాలూ పట్టింది.

"దించాల్సే వస్తే సిలికాన్ ధారాళంగా వేయండి" అన్న మాటలో రెండు తప్పులున్నాయి. దించడం గురించి ఒక్క ముక్కా చెప్పకపోవడం మొదటిది, ప్రమాదం ఉన్నది అందులోనే. ఆటోమేటిక్ బండిని పార్క్‌లో పెట్టాం కదా అని చక్రాలకు దిమ్మలు పెట్టకుండా కిందకు దూరేవాళ్లున్నారు. పార్క్ పట్టుకునేది గేర్‌బాక్స్ లోపలి షాఫ్టును. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన క్షణం చక్రాలకీ ఆ పట్టుకీ సంబంధం తెగిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని న్యూట్రల్‌లో పెట్టినా అంతే. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ లాంటి వాటిలో హ్యాండ్‌బ్రేక్ డ్రమ్ము కూడా ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది కాబట్టి షాఫ్ట్‌తో పాటు హ్యాండ్‌బ్రేక్ కూడా పోతుంది. దిమ్మలు, గట్టి స్టాండ్లు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

డ్రెయిన్ ప్లగ్ కన్నా ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పండి. ఆయిల్ అంతా దించాక ఫిల్లర్ బిగుసుకుపోయి రాకపోతే, తిరిగి పోసే దారి లేక బండి అక్కడే ఉండిపోతుంది. షాఫ్టులకూ ఫ్లాంజులకూ సుద్దతో గుర్తులు పెట్టండి, ఉన్నట్టే తిరిగి బిగించడానికి. క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని కింద నుంచి మోసే అడ్డపట్టీ) తీయాల్సి వస్తే గేర్‌బాక్స్ కింద వేరే ఆధారం పెట్టండి. చాలా బాక్సులు 30 కిలోల పైమాటే, బరువు ఒక పక్కకే ఉంటుంది. ఛాతీ మీద పెట్టుకుని దించేస్తానని బడాయికి పోయినవాళ్లను చూశాను. గేర్‌బాక్స్ జాకీకి బెల్టు కట్టి దించడం పిరికితనమేమీ కాదు.

రెండో తప్పు ఆ "ధారాళంగా". కేసు రెండు సగాలను బిగించినప్పుడు ఎక్కువైన సిలికాన్ బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. బయటిది మనకు కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలిది గట్టిపడి, వేడి ఆయిల్‌లో నాని, పోగులుగా తెగుతుంది. ఎవరో అంతకుముందు అతికించిన ఒక బాక్స్ నేను విప్పినప్పుడు, పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి ఆ నల్లటి పోగులు జుట్టు చుట్టుకున్నట్టు చుట్టుకుని ఉన్నాయి. బాక్స్‌లో ఆయిల్ నిండుగానే ఉంది. పైన బేరింగు మాత్రం నీలం రంగుకి తిరిగింది. ఆయిల్ ఉండి కూడా అందక మాడిపోయింది.

సాధారణంగా 3 మిల్లీమీటర్ల సన్నటి ధార, తెగకుండా, ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ తిరిగి వస్తే చాలు. లోపలి ఆయిల్ తనకు తగిలే బోల్టు మరల వెంబడి కూడా బయటికి పాకుతుంది, అందుకే రంధ్రాల దగ్గర జాగ్రత్త. కొన్ని బాక్సులకు తయారీదారు అనరోబిక్ సీలెంట్ చెప్తాడు. గాలి తగిలే చోట అది గట్టిపడదు, రెండు లోహాల మధ్య నలిగిన చోటే గట్టిపడుతుంది. లోపలికి జారింది ద్రవంగానే ఉండి ఆయిల్‌లో కలిసిపోతుంది, పోగులు కట్టే గొడవ లేదు. మీ బాక్స్‌కి ఏది చెప్పారో మాన్యువల్ చూసి అదే వాడండి.

అసలు సీలు చేసేది పేస్టు కాదు, ముఖాలు. కేసును విడదీయడానికి మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం మీద పడే గాటే రేపటి లీకు. చాలా కేసులకు అంచున ఎత్తడానికి చెవులు పోసి ఉంటారు, అక్కడే ఎత్తాలి. పాత పేస్టును గ్రైండర్ చక్రంతో గీకకండి. ముఖం గుంటలు పడుతుంది, ఆ రజను నేరుగా బేరింగుల్లోకి పోతుంది. ప్లాస్టిక్ గీకుడు బద్ద, బ్రేక్ క్లీనర్, ఓపిక చాలు. తెరిచారు కాబట్టి పంపు గొట్టానికి ఉండే ‘ఓ-రింగ్’ను (గుండ్రటి రబ్బరు సీలు) కూడా మార్చేయండి. అది నొక్కుకుపోయి ఉంటే పంపు ఆయిల్‌తో పాటు గాలిని పీలుస్తుంది. కేసు లోపలి అయస్కాంతానికి అంటుకున్న రజను తుడవండి. బూడిదలాంటి మెత్తటి పొడి మామూలే, చేతికి గుచ్చుకునే ముక్కలు మామూలు కాదు.

బోల్టులు చేతికి తోచినంత బిగిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. ఎన్‌పీ231 కేసు బోల్టులకు చెప్పిన బిగువు సుమారు 30 న్యూటన్ మీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది, చాలామంది అంచనా వేసేదానికన్నా తక్కువ. అటొకటి ఇటొకటిగా, రెండు విడతల్లో, టార్క్ రెంచితో బిగించండి. కొన్నిట్లో డోవెల్ పిన్నుల (రెండు సగాలూ సరిగ్గా కూర్చునేలా పెట్టే మేకులు) దగ్గరి బోల్టులకు మాత్రమే వాషర్లుంటాయి. విప్పేటప్పుడే ఏది ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకుంటే తర్వాత తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

పేస్టు పైపొర కొద్ది నిమిషాల్లోనే కడుతుంది, లోపల పూర్తిగా గట్టిపడటానికి మాత్రం చాలావాటికి 24 గంటలు పడుతుంది. బిగించిన గంటకే ఆయిల్ పోసి బండి తీస్తే ఇంతసేపు చేసిందంతా వృథా. రాత్రికి వదిలేసి, మర్నాడు పోసి, కాస్త దూరం నడిపి వచ్చి ఫిల్లర్ ప్లగ్ తీసి మట్టం మళ్లీ చూడండి. వారం పోయాక ఇంకోసారి, ఈసారి టాల్కమ్ పౌడర్ డబ్బాతో.