91 మార్కుల పెట్రోలు

మా బాబాయి లెక్కలో గేరు మార్చడమంటే పెట్రోలు పారబోయడమే. పక్కనుంచి సైకిలు దాటిపోతున్నా సరే, కారు టాప్ గేరులోనే ఉండాలి. అదేమంటే "మైలేజీ ఊరికే వస్తుందిరా?" అని మనకే క్లాసు పీకుతాడు.

ఆ కారు మంగళగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతూ మొరాయించింది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు ఒకటే టకటక. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ మోత పెరుగుతోంది. వెనక సీట్లో పానకం బిందె ఒళ్లో పెట్టుకున్న పిన్ని, "ఏమండీ, ఏదో ఊడిపోతోందండీ!" అంది. బాబాయి చెయ్యి చాచి పాటల సౌండు పెంచాడు.

ఆ సాయంత్రం ఎదురింటి రిటైర్డు కెమిస్ట్రీ లెక్చరర్ గారు రోగం పేరు చెప్పారు. "దీన్ని నాకింగ్ అంటారండీ. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్‌లో వరసగా పాకాలి. వేడి, ఒత్తిడి మితిమీరితే, మంట ఇంకా చేరని పెట్రోలు-గాలి మిశ్రమం తనంతట తనే భగ్గుమంటుంది. ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది. అలా తొందరపడకుండా పెట్రోలు ఎంత ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ నంబరు. ఐసో ఆక్టేన్‌కి 100, నార్మల్ హెప్టేన్‌కి 0 అనుకుని, వాటితో పోల్చి కొలుస్తారు."

"మనం పోయించేదానికి ఎంతండీ?"

"91."

అంతే, ఆ తర్వాత ఆయన చెప్పిందేదీ బాబాయి చెవికెక్కలేదు. ఎంసెట్ కోచింగుల బెజవాడలో కొడుకుని చదివించి, 91 వస్తే మిగతా తొమ్మిదీ ఏమయ్యాయని నిలదీసిన మనిషాయన! (ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు రాకముందు సంగతిది. ఇథనాల్ కలిస్తే ఆక్టేన్ పెరుగుతుంది కాబట్టి ఇప్పటి లెక్క వేరు.)

మర్నాడు పొద్దున్నే బంకులో దిగి, "నూటికి నూరున్నది పొయ్యి" అన్నాడు.

"95దే ఉంది సార్."

"మిగతా అయిదూ?"

కుర్రాడికి అర్థం కాక, అలవాటు ప్రకారం "జీరో చూసుకోండి సార్" అన్నాడు.

"పొద్దున్నే ఆ మాట ఎత్తకురా!" అన్నాడు బాబాయి.

లెక్చరర్ గారు చెప్పగా ఈయన వినకుండా వదిలేసిన ముక్క ఏమిటంటే, ఆక్టేన్ పెరిగినంత మాత్రాన పెట్రోలుకి బలం పెరగదు. ఆ మిశ్రమాన్ని బాగా నొక్కిపెట్టే, అంటే ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్లకు, గాలిని అదనంగా కూరే టర్బో ఇంజన్లలో కొన్నింటికి అది అవసరం. మన బండికి ఏది పొయ్యాలో కంపెనీవాళ్లు మాన్యువల్‌లో రాసే ఇస్తారు. బాబాయి మాన్యువల్ కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా డాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది.

ఖరీదైన పెట్రోలుతో మోత కాస్త తగ్గినట్టే తగ్గి, ఎత్తు కనపడగానే మళ్లీ అందుకుంది. ఇక ఆటోనగర్ తప్పలేదు. అక్కడి మేస్త్రీ బానెట్ ముట్టుకోలేదు. పక్క సీట్లో కూర్చుని, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించమన్నాడు. ఎక్కుతుండగానే టకటక.

"ఏ గేరులో ఉన్నారు బాబాయ్?"

"టాప్" అన్నాడు బాబాయి, కాస్త గర్వంగానే.

"థర్డ్‌లోకి దించండి."

దించాడు. ఇంజన్ ఒక్కసారి గొంతెత్తి, మోత మానేసింది. పెద్ద గేరులో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే యాక్సిలరేటర్ అదిమి తొక్కడంవల్లే ఇదంతా అని, లోపల కార్బన్ పేరుకుంటే ఇంకా ఎక్కువవుతుందని మేస్త్రీ చెబుతున్నాడు. బాబాయి చూపు మాత్రం పెట్రోలు ముల్లు మీదే ఉంది.

తర్వాతి శనివారం మళ్లీ మంగళగిరి. ఘాట్ రోడ్డంతా సెకండ్ గేరు. టకటక లేదు, బాబాయికి టెన్షన్ మాత్రం ఉంది. పైకి చేరాక స్టీరింగ్ వదిలి, "పానకాలస్వామి నయమే. సగం తాగి సగం మనకిస్తాడు. ఇది మొత్తం తాగేసింది!" అన్నాడు.

దిగేటప్పుడైనా నాలుగు చుక్కలు మిగుల్చుకుందామని ఇంజన్ ఆపబోయి తాళం మీద చెయ్యి వేశాడు. ఈసారి ముందు సీట్లో కూర్చున్న పిన్ని ఆ చెయ్యి తీసి గేరు రాడ్డు మీద పెట్టింది.