ముగ్గురు షూటర్లను దించితే అటాక్ అయిపోదు

అమెరికా కాలేజీల్లో లాక్రాస్ (చివర వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట) సీజన్ మొదలైతే చాలు, కోచ్‌ల మీద ఒకటే ఒత్తిడి: నిరుడు ఎక్కువ గోల్స్ కొట్టిన ముగ్గురినీ అటాక్‌లో, అంటే గోల్ దగ్గర దాడి చేసే ముగ్గురి వరసలో, దించెయ్యమని. ఇది తలకిందుల లెక్క. ముందు ఎంచుకోవాల్సింది గోల్ వెనక నిలబడి బంతి అందించేవాణ్ని. మిగతా ఇద్దరినీ అతనికి తగ్గట్టు చూసుకోవాలి.

ఫుట్‌బాల్‌కు అలవాటుపడిన మన కళ్లకు ఇది చప్పున అందదు. అక్కడ గోల్ వెనక ఆటే లేదు. లాక్రాస్‌లో గోల్ గీత వెనక ఇంకో 15 గజాల మైదానం ఉంది. అక్కడి చోటును ‘ఎక్స్’ అంటారు. బంతి అక్కడికి చేరిందంటే గోలీ తల వెనక్కి తిప్పక తప్పదు. డిఫెండర్ బంతిని చూస్తే తన మనిషి జారిపోతాడు, మనిషిని చూస్తే బంతి ఎటు పోయిందో తెలియదు. ఆ అర క్షణంలో క్రీజ్ (గోల్ చుట్టూ ఉండే వలయం) ముందుకు దూసుకొచ్చినవాడి స్టిక్‌లో బంతి పడిందా, గోలీ ఇటు తిరిగేలోపే వల కదులుతుంది.

2014లో ఆల్బనీ యూనివర్సిటీ జట్టు ఆడింది ఇదే ఆట. లైల్ థాంప్సన్ 51 గోల్స్ కొట్టి, 77 గోల్స్‌కు బంతి అందించాడు. రెండూ కలిపి 128 పాయింట్లు, అప్పటికి అది రికార్డు. అన్న మైల్స్ 82 గోల్స్ కొట్టాడు. కజిన్ టై మూడోవాడు. ఆ ఏడాది ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే టెవారాటన్ అవార్డును అన్నదమ్ములిద్దరికీ కలిపి ఇచ్చారు. మైల్స్ 82 గోల్స్ మాత్రమే చూసి మురిసిపోయేవాళ్లు, ఆ బంతులు ఎవరి చేతి నుంచి వచ్చాయో కూడా చూడాలి.

మరి ఆల్బనీకి కప్పు రాలేదుగా అంటారు. నిజమే, క్వార్టర్ ఫైనల్లో నోటర్ డేమ్ చేతిలో అదనపు సమయంలో 14-13తో ఓడింది. 13 గోల్స్ చేసిన జట్టు ఓటమిని అటాక్ నెత్తిన వేయడం ఏం న్యాయం? పదేళ్ల తర్వాత డ్యూక్ యూనివర్సిటీ జట్టును చూడండి. బ్రెనన్ ఓనీల్, డైసన్ విలియమ్స్, జాష్ జవాడా: పేర్లు చదివితేనే డిఫెండర్లకు చెమట పట్టాలి. 2024 క్వార్టర్ ఫైనల్లో మేరీలాండ్ ఆ జట్టును 14-11తో ఇంటికి పంపింది. ఆ మేరీలాండ్‌నే ఫైనల్లో 15-5తో చిత్తు చేసిన నోటర్ డేమ్‌లో అటాక్ నడిపింది పాట్ కావనా. అతనిది అందించే చెయ్యి. పైగా బంతి పోయిన మరుక్షణం డిఫెండర్ వెంటపడే మనిషి. ప్రత్యర్థి 20 సెకన్లలో బంతిని సగం గీత దాటించాలి. ఆ లోపు వెంటపడి అడ్డుకోవడాన్నే రైడ్ అంటారు. ఆ రైడ్‌లో లాక్కున్న బంతి ఏ గోల్స్ పట్టికలోనూ కనిపించదు.

థాంప్సన్‌లకు ఆ చూపు ఏ కాలేజీ క్యాంపులోనూ రాలేదు. వాళ్లు అమెరికా మూలవాసి తెగ ఒనొండాగా బిడ్డలు. ఇరుకు గోడల మధ్య, చిన్న గోల్‌తో ఆడే బాక్స్ లాక్రాస్‌లో పెరిగారు. అక్కడ పాస్ ఇవ్వనివాడికి చోటే ఉండదు. ఈ ఆటే ఒనొండాగా కూడా భాగమైన హౌడెనొషోనీ మూలవాసి జాతుల కూటమిది. 2014, 2018, 2023 ప్రపంచ పోటీల్లో వాళ్ల పురుషుల జట్టు కాంస్యం గెలిచింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్ ఉంది. సొంత జెండా కింద ఆడతామని వాళ్లు అడిగితే, గుర్తింపు ఉన్న జాతీయ ఒలింపిక్ కమిటీ లేదంటూ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అడ్డు చెప్పింది. ఆ నిబంధన ఈ ఒక్క జట్టు కోసం సడలించాల్సిందే.