ముఖ్య అతిథి బయల్దేరారు

క్రీస్తు డిసెంబరు 25న పుట్టాడని బైబిల్లో ఎక్కడా లేదు. ఈ వెసులుబాటును మా సంఘం వాడుకున్నంత చక్కగా మరే సంఘమూ వాడుకుని ఉండదని, బాపట్ల వైపు ఒక చిన్న పల్లెకు కాపరిగా సవినయంగా మనవి చేస్తున్నాను.

1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగినప్పటి నుంచి మా లూథరన్లకు ఒక క్రమం ఉంది. పండగకు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. బల్ల మీద ఊదారంగు గుడ్డ పరిచి, తప్పులు తలుచుకుంటూ, నిదానంగా ఎదురుచూడాలి. మా సంఘ పెద్దలకు ఇది నచ్చలేదు. ఎదురుచూడ్డం ఎమ్మార్వో ఆఫీసు దగ్గర ఏడాది పొడుగునా చేస్తూనే ఉన్నాం కదా, పండగ పూట కూడా అదేనా అయ్యగారూ అన్నారు. న్యాయంగానే తోచింది. అందుకే పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ పెట్టుకున్నాం. ముందు స్త్రీల సమాజం వారి సెమీ, తర్వాత యువజనుల సెమీ, ఆ పైన సండే స్కూలు సెమీ, మండల పాస్టర్ల ఐక్య క్రిస్మస్, అధికార పార్టీ వారి క్రిస్మస్, ప్రతిపక్షం వారి ఇంకాస్త పెద్ద క్రిస్మస్. ఇన్నిసార్లు పుట్టాక అసలు 25వ తేదీ ఉదయం ఆరాధనకు జనం ఆవలిస్తూ వస్తే తప్పుపట్టడానికి లేదు. వాళ్ళకు కథ తెలిసిపోయింది.

సెమీ క్రిస్మస్‌కు ప్రసంగం ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ముఖ్య అతిథి లేకపోతే నడవదు. ఏడు గంటలకని కరపత్రంలో వేస్తాం. ఏడున్నరకు 'బయల్దేరారు' అంటారు. ఎనిమిదింటికి 'దారిలో ఉన్నారు'. ఎనిమిదిన్నరకు మళ్ళీ 'బయల్దేరారు'. ఆయన వచ్చేలోగా నేను క్లుప్తంగా వాక్యం చెప్పాలి. ఎంత క్లుప్తంగా అంటే, వీధి చివర కారు లైట్లు కనబడగానే ఏ మాట దగ్గరైనా ఆమెన్ పడేటట్టు ఉండాలి.

కేకు కోయడం చిన్న విషయం అనుకునేవారు వేదాంత కళాశాలలో చదువుకుని ఉంటారు. అక్కడ హెబ్రీ, గ్రీకు నేర్పుతారు గాని, కత్తి మీద చేతులు వేసే వరస నేర్పరు. ప్లాస్టిక్ కత్తి పిడి బెత్తెడు ఉంటుంది. దాని మీద మొదటి చెయ్యి ఎమ్మెల్యే గారిది. రెండోది నాది కావాలి గాని, సందులో జడ్పీటీసీ గారి చెయ్యి దూరుతుంది. నా మణికట్టు కింద ఎవరిదో ఉంగరం గుచ్చుకుంటూ ఉంటుంది. చెయ్యి అందనివారు అందినవారి మోచెయ్యి పట్టుకుంటారు, ఫొటోలో లెక్కకు వస్తుందని. ఫొటోగ్రాఫరు 'అయ్యగారూ, ఇటు' అనేదాకా కత్తి కిందికి దిగకూడదు. కిందటేడు ఇంతమంది బరువుకు పిడి విరిగి ముక్క క్రీములో కూరుకుపోయింది. 'హ్యాపీ' వరకే తెగింది, 'క్రిస్మస్' తెగలేదు. ఎమ్మెల్యే గారు నా నోట్లో ముక్క పెట్టారు, నేను ఆయన నోట్లో పెట్టాను. సర్పంచి గారు నోరు తెరిచి కాసేపు నిలబడ్డారు. ఎవరూ పెట్టలేదు. మూసుకున్నారు. ఆ మర్నాటి నుంచి చర్చి ముందు వీధిలైటు వెలగడం లేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను అనను.

తర్వాత ఉపన్యాసం. ఏ పార్టీ వారైనా ముందు తాము మిషన్ స్కూల్లో చదువుకున్న సంగతి చెబుతారు. అది విన్నప్పుడల్లా ఆ స్కూళ్ళ మీద నాకు కొత్త కొత్త అనుమానాలు వస్తుంటాయి. ఆ పైన ప్రేమ, శాంతి, కరుణ. చివరికి సమాధుల తోటకు ప్రహరీ గోడ. 2023 డిసెంబరులో, ఎన్నికలు ఐదు నెలల్లో ఉండగా, ఎదురెదురు పార్టీల వారు వేరువేరు రోజుల్లో వచ్చి ఒకే గోడను హామీ ఇచ్చి వెళ్ళారు. 2024 డిసెంబరులో గెలిచినవారికి తీరిక లేదు, ఓడినవారికి ఓపిక లేదు. లోపలున్నవారు మాత్రం గోడ లేకపోయినా ఎవరూ బయటికి రాలేదు. బయటి గేదెలే లోపలికి వస్తున్నాయి.

ఇక క్యారల్స్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి పన్నెండు దాకా సడలించవచ్చు, అదీ ఏడాది మొత్తం మీద పదిహేను రోజులకు మించకుండా. మా యువజనులు చట్టాన్ని గౌరవించేవారు. సడలించారో లేదో అడక్కుండానే ఆ పదిహేను రోజులూ డిసెంబరు మొదటి పక్షంలో వాడేసి, రెండో పక్షానికి లూకా సువార్తను ఆధారం చేసుకున్నారు. దూతలు పాడింది రాత్రిపూటే. ఎస్సై గారి పర్మిషన్ తీసుకున్నట్టు లూకా రాయలేదు.

ఊళ్ళో మిగతావారు మమ్మల్ని తిట్టుకుంటారని కొందరి అపోహ. డిసెంబరు సగంలో ధనుర్మాసం వస్తుంది. మా క్యారల్స్ బండి తెల్లవారుజాము మూడింటికి ఇల్లు చేరితే, నాలుగున్నరకు రామాలయం మైకులో తిరుప్పావై మొదలవుతుంది. అది అయ్యీ అవకముందే మసీదులో అజా. నడుమ దొరికిన గంటన్నర ఊరందరిదీ. పూజారి గారూ నేనూ పొద్దున టీకొట్టు దగ్గర కలిసినప్పుడు ఒకరి కళ్ళ ఎరుపు ఒకరం చూసుకుని, మాట్లాడకుండా టీ తాగి వస్తాం. మత సామరస్యం మీద సభలు పెట్టేవారు ఒకసారి ఆ టీకొట్టు దగ్గరికి వచ్చి చూడాలి.

రాత్రిళ్ళు మెలకువగా ఉండేవారు మరికొందరున్నారు. డిసెంబరంటే మాకు కోతలు, నూర్పిళ్ళు. ధాన్యం తారురోడ్డు మీద ఆరబోసి పక్కనే దుప్పటి కప్పుకుని కాపలా పడుకుంటారు. క్యారల్స్ బండి అటువైపు వెళితే, దూది గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత బండి దిగి, ధాన్యం తొక్కకుండా పక్కనుంచి నడవాలి. ఒకసారి అర్ధరాత్రి దాటాక పొలిమేరలో మా సంఘస్థుడే ఒకాయన లేచి కూర్చుని, పాట అయ్యేదాకా ఓపిక పట్టి, 'అయ్యగారూ, తేమ కోసం ప్రార్థన చెయ్యండి' అన్నాడు. పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆయన గింజ కొరికి చూసి పద్ధెనిమిది ఉంటుందన్నాడు. ఒక శాతం కోసం ప్రార్థన చేయడం ఏ కళాశాలా నేర్పలేదు గాని చేశాను. దూత కాపరులకు భయపడవద్దన్నాడు. గొర్రెలకు తేమ మిషను పెట్టరు కాబట్టి ఆ మాట సరిపోయింది.

ఫ్లెక్సీల గురించి కూడా మా డినామినేషన్ పెద్దలు ఒక నిర్ణయానికి రావాలి. అందులో క్రీస్తు ఒక మూలన స్టాంపు బిళ్ళంత ఉంటున్నాడని, నాయకులూ కాపరులూ నిలువెత్తున ఉంటున్నారని విమర్శ. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ణి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ వారం టార్పాలిన్ పట్టాలకు ఎంత డబ్బిచ్చినా దొరకలేదు. మావాళ్ళు సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీలు ఊడదీసుకెళ్ళి ధాన్యం రాశుల మీద కప్పారు. ఒక రాశి మీద ఎమ్మెల్యే గారు నమస్కారం పెడుతూ పడుకున్నారు. ఇంకోదాని మీద నేనూ అమ్మగారూ దంపతులుగా, రాళ్ళు బరువు పెట్టించుకుని, రెండు రోజులు వానలో తడిశాం. నా సేవాకాలంలో నేను సంఘాన్ని ఇంత సూటిగా కాపాడింది మరోసారి లేదు. నిలువెత్తు ఫ్లెక్సీలను వ్యతిరేకించడం ఆ రోజుతో మానేశాను. పద్నాలుగడుగుల కన్నా చిన్నది వేయిస్తే ఇప్పుడు నేనే ఊరుకోను.

సండే స్కూలు నాటకం సంగతి. జ్ఞానులు ఎంతమందో మత్తయి రాయలేదు. ముగ్గురన్నది కానుకలు మూడు కాబట్టి జనం అనుకున్న లెక్క. ఈ సందు చూసుకుని మేం జ్ఞానుల సంఖ్యను చందాలను బట్టి నిర్ణయిస్తాం. కిందటేడు ఐదుగురు. యోసేపు వేషానికి మాత్రం ఎవరూ రారు, సువార్తల్లో ఆయనకు ఒక్క మాట కూడా లేదు. గిరాకీ అంతా హేరోదుకే. మా హేరోదు తెనాలి నుంచి కిరీటం, భుజకీర్తులు అద్దెకు తెచ్చుకున్నాడు. రెండేళ్ళలోపు పిల్లలందరినీ చంపమన్న ఆజ్ఞను మీసం మెలేస్తూ, రాగం తీసి మరీ ఇచ్చాడు. వెనక వరసల్లోంచి వన్స్‌మోర్ పడింది. మళ్ళీ ఇచ్చాడు.

అదే నాటకంలో జనాభా లెక్కలు రాయించుకునే రంగం మేం తొందరగా ముగించేస్తాం. యోసేపు పని తేలిక: ఒకే ఊరు, ఒకే పేరు. క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదన్న 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు పుణ్యమా అని మా వాళ్ళకు బాప్తిస్మ రిజిస్టరులో ఒక పేరు, స్కూలు సర్టిఫికెట్టులో ఒక పేరు. పిల్లవాడికి సీటు రావాలంటే ఏ పేరు గట్టిగా పిలవాలో, ఏది గొంతు తగ్గించి పిలవాలో తల్లులకు బాగా తెలుసు. కైసరు గుమస్తా బేత్లెహేములో ఇంత ఇబ్బంది పడి ఉండడు.

డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డులు. పళ్ళెంలో బోర్లా పెడతాం, ఒక్కొక్కరూ వచ్చి ఒకటి తీసుకుంటారు, ఏడాదంతా అదే వారి వాక్యం. అచ్చువేసేవారికి మంచి వ్యాపార జ్ఞానం ఉంది. ఆశీర్వాదం, ఇల్లు, ఆరోగ్యం, శత్రువుల ఓటమి అన్నీ వస్తాయి. ఉన్నదమ్మి బీదలకిమ్మన్న మాట ఏ కార్డు మీదా ఇంతవరకు రాలేదు. ఒక మామ్మగారు తీసిన కార్డు చూసుకుని, 'ఇది పోయినేడు వచ్చిందేగా బాబూ, జరగలేదు, మార్చు' అని తిరిగి పళ్ళెంలో పడేసింది. నేను మార్చాను. రెండోది ఇంకొంచెం పెద్ద వాగ్దానం. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, ఈసారి చూద్దాం అన్నట్టు నా వైపు చూసి వెళ్ళింది.

గుడ్ ఫ్రైడేకి ముఖ్య అతిథులు ఎవరూ డేటు అడగరు. ఎండలు, పైగా కేకు లేదు.

వచ్చే క్రిస్మస్‌కు ఏర్పాట్లు ఇప్పటినుంచే చూసుకోమని సంఘ పెద్దలు నన్ను షామియానా అతని దగ్గరికి పంపారు. డిసెంబరంతా నిండిపోయిందన్నాడు. నవంబరు చివరి వారం పెళ్ళిళ్ళకు ఇచ్చేశాడట. సౌండ్ సిస్టం, లైటింగు, కుర్చీలు అన్నీ కలిపి ఒకేచోట దొరికేది నవంబరు 14నేనని తేల్చాడు. ముఖ్య అతిథి పీఏ గారికి ఫోన్ చేస్తే ఆ రోజు ఖాళీయే అన్నారు. బాలల దినోత్సవం కూడా కలిసొస్తుందని, బాలయేసు కూడా బాలుడే కదా అని పెద్దలు ఒప్పుకున్నారు. అడ్వాన్సు ఇచ్చేశాను.