చెవిపోగు దొరికితే ఆడవాళ్ళ సమాధేనా?

"మధ్యయుగంలో గడ్డిమైదానాల తుర్కు సంచారుల్లో నగలు ఆడవాళ్ళవి, ఆయుధాలు మగవాళ్ళవి. భార్య మెడలో ఎన్ని కంటెలుంటే భర్తకు అంత ఆస్తి. ఆ నగలు అలంకారానికి తప్ప మరెందుకూ కావు." వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది. నాకూ నాలుగైదుసార్లు వచ్చింది.

ముందు కంటెల లెక్క చూద్దాం. అది తుర్కులది కానే కాదు. 922లో వోల్గా నది తీరాన బాగ్దాద్ ఖలీఫా దూతల బృందంలో వెళ్ళిన ఇబ్న్ ఫద్లాన్ చూసిన రూస్ వర్తకులది, అంటే ఉత్తరాది నుంచి వచ్చిన, తుర్కులు కాని వాళ్ళది. భర్తకు పదివేల దిర్హాములు (వెండి నాణేలు) ఉంటే భార్యకు ఒక కంటె, ఇరవై వేలుంటే రెండు అని ఆయన రాశాడు. దారిలో కలిసిన ఓగుజ్ తుర్కుల గురించి ఆయన వేరేగా రాశాడు. ఎవరో ఈ రెండూ కలిపేశారు.

నగలు ఆడవాళ్ళవే అన్నది ఇంకా పెద్ద పొరపాటు. అల్తాయ్, తువా, మంగోలియాల్లో 6-8 శతాబ్దాల తుర్కు రాతి విగ్రహాలు చూడండి. మీసాలున్న మగవాళ్ళు, చెవులకు పోగులు, నడుముకు బెల్టు, దానికి వేలాడే సంచి, బాకు, చేతిలో గిన్నె. వడ్డాణం అనగానే మనకు పెళ్లికూతురు గుర్తొస్తుంది. అక్కడ మాత్రం లోహపు బిళ్ళలు తాపిన బెల్టు యోధుడి హోదాకు గుర్తు. 734లో చనిపోయిన తుర్కు చక్రవర్తి బిల్గే ఖగాన్ స్మారకం దగ్గర 2001లో బయటపడిన నిధిలో బంగారు కిరీటం, బెల్టు బిళ్ళలు ఉన్నాయి. ఆయన తమ్ముడు కుల్ తెగిన్ పాలరాతి విగ్రహం తలమీద కూడా రెక్కలు చాచిన పక్షి ఉన్న కిరీటమే ఉంది. ఐదు వందల ఏళ్ళ తర్వాతా ఇదే తీరు. ఉక్రెయిన్‌లో 1981లో తవ్విన చుంగుల్ సమాధి దిబ్బలో కిప్చాక్‌లనే తుర్కు సంచారుల దొర ఒకరిని జరీ అంగీలతో, బెల్టులతో, ఐదు గుర్రాలతో పాతిపెట్టారు.

అందుకే పోగు దొరికిందని సమాధి ఎవరిదో తేల్చకూడదు. ఆడో మగో తెలియాలంటే ముందు కటి ఎముక చూడాలి.

అలాగని నగల్లో ఆడామగా తేడా లేదని నేననడం లేదు, ఉంది. పోగు ఎవరైనా పెట్టుకోవచ్చు. తేడా తెలిసేది మొత్తం అలంకరణలో. 11-13 శతాబ్దాల కిప్చాక్ స్త్రీ విగ్రహాలకు టోపీ, చెంపల పక్కన కొమ్ముల్లా వంగిన ఆభరణాలు, మెడలో కంటెలు, పూసలు, నడుము దగ్గర అద్దం ఉంటాయి. పురుష విగ్రహాలకు ఆయుధాలుంటాయి.

ఇక ఉత్త అలంకారమే అన్న మాట. అలంకారం కోసమే అయితే, చనిపోయిన స్త్రీకి ఆ నగలన్నీ రాతిలో చెక్కి, మైదానంలో ఎత్తయిన చోట నిలబెట్టేవాళ్ళా? పైగా ఆమె రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకున్న గిన్నె, మగవాళ్ళ విగ్రహాల చేతుల్లో ఉన్న గిన్నె లాంటిదే.